హెర్క్యులీస్ సినిమాలో హేరా కన్నతల్లి ఎలా అయింది?

విజయవాడ_అమ్మ:
మా పాపకి తొమ్మిదేళ్లు. గ్రీకు పురాణ కథల పుస్తకం ఇప్పటికే రెండుసార్లు చదివేసింది. మొన్న ఆదివారం ఇద్దరం డిస్నీ వాళ్ల ‘హెర్క్యులీస్’ (1997) పెట్టుకున్నాం. పసి హెర్క్యులీస్‌ని దేవతల రాణి హేరా ముద్దు చేస్తుంటే నా చేతిలో రిమోట్ లాక్కుని ఆపేసింది. “అమ్మా, వాణ్ణి చంపడానికి పాముల్ని పంపింది ఈవిడే కదా?” పిల్లల సినిమా కదా, మార్చుంటారులే అన్నాను. “మరి వాడి అసలమ్మ ఏది?” అంది. నాకు జవాబు తోచలేదు. ఎందుకిలా మారుస్తారు? దానికేం చెప్పను?

పాత_సినిమాలు:
మీ పాప ఆపాల్సిన చోటే ఆపిందండీ. అసలు కథలో కన్నతల్లి ఆల్క్‌మీనీ, మామూలు మనిషి. హేరా భర్త, దేవతల రాజు జ్యూస్, ఆల్క్‌మీనీ భర్త రూపంలో వచ్చి ఆమెను మోసం చేశాడు. మన అహల్య కథ గుర్తొస్తుంది కదా. హేరా కోపం పుట్టింది అక్కడే. సినిమాకి జ్యూస్ మంచి నాన్నగా ఉండాలి. అందుకని హేరాని కన్నతల్లిని చేసి, ఆల్క్‌మీనీని పెంపుడుతల్లిని చేశారు. మరి పాములు? అవి జ్యూస్ సోదరుడు హేడీస్ నెత్తిన పడ్డాయి. అతని సేవకులిద్దరే పాములై వస్తారు. ప్రాచీన గ్రీకు కావ్యం ఇలియడ్‌లో ఈ ముగ్గురు అన్నదమ్ములూ (మూడోవాడు పొసైడన్) చీట్లు వేసుకుని లోకాన్ని పంచుకుంటే హేడీస్‌కి పాతాళం వచ్చింది, అంతే. ఒకడి తప్పు దాచడానికి ఇద్దరు ఆడవాళ్ల బాధ చెరిపేసి, ఇంకొకణ్ణి దుర్మార్గుణ్ణి చేశారు. నన్ను బాధపెట్టేది ఇదే.

నాటకాల_రాజు:
మార్చడమే తప్పంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆ కాలపు గ్రీకు కవులూ మార్చుకుంటూనే వచ్చారు. మార్పు ఎవరి పక్షాన ఉందో చూడాలి. గ్రీకు దర్శకుడు మైకేల్ కకోయానిస్ 1977లో ‘ఇఫిజీనియా’ తీశాడు. ఓడలకు గాలి కావాలని గ్రీకు రాజు అగమెమ్నాన్ కన్నకూతురు ఇఫిజీనియానే బలి ఇచ్చే కథ. దీనికి మూలమైన, మనకు దొరుకుతున్న ప్రాచీన గ్రీకు కవి యూరిపిడీస్ నాటకంలో ఆఖరి క్షణాన పిల్ల మాయమై, ఆ చోట లేడి కనిపించిందని దూత వచ్చి చెబుతాడు. సినిమాలో ఆ లేడి లేదు. గాలి లేస్తుంది, ఓడలు కదులుతాయి. తల్లి క్లైటెమ్నెస్ట్రాగా వేసిన ఐరీన్ పపాస్ ముఖానికి గాలికి జుట్టు కొట్టుకుంటూ ఉంటుంది, ఆ కళ్లు మాత్రం ఓడల మీదే. దేవత కాపాడిందన్న ఊరట తీసేస్తే మిగిలింది తల్లి కడుపుకోత. ఇదీ మార్పే, కానీ ఇక్కడ ఎవరి తప్పూ దాచలేదు. పాప కాస్త పెద్దయ్యాక చూపించండి.

విజయవాడ_అమ్మ:
ఇద్దరికీ థాంక్స్ అండీ. నిన్న రాత్రి పడుకునే ముందు చెప్పాను. జ్యూస్ అబద్ధమాడి వేరే ఆవిడ ఇంటికి వెళ్లాడని, అందుకే హేరాకి కోపమొచ్చిందని, అంతవరకే. కాసేపు ఊరుకుని, దుప్పట్లోంచి తల బయటపెట్టి అడిగింది: “మరి కోపం జ్యూస్ మీద చూపించాలి కదా, పాపాయి మీదెందుకు?”