అరసాళు, ఆగుంబె ఒకే రోజులో అవుతాయా?

డిసెంబరులో ఇద్దరం కర్ణాటకలో 'మాల్గుడి డేస్' టీవీ సీరియల్ తీసిన చోట్లు చూడాలని. బెంగళూరు నుంచి తాళగుప్ప వైపు రాత్రి రైలెక్కి తెల్లారేసరికి శివమొగ్గలో దిగుతాం. మాల్గుడి స్టేషనుగా కనిపించే అరసాళు ఆ లైన్లోనే, 30 కిలోమీటర్లు పైచిలుకు. పాత భవనాన్ని 2020లో మ్యూజియం చేశారు. చిక్కల్లా సీరియల్ తీసిన పాత ఇల్లు, ఆగుంబె దొడ్డమనెతోనే: అది తీర్థహళ్లి మీదుగా వేరే దారి, శివమొగ్గ నుంచి దాదాపు 90. మళ్లీ వెనక్కి రాకుండా అరసాళు నుంచి రిప్పన్‌పేట, హుంచ మీదుగా తీర్థహళ్లికి బస్సులు దొరుకుతాయా? లేక శివమొగ్గలోనే కారు మాట్లాడుకోవడం మేలా? మ్యూజియానికి వారంలో సెలవెప్పుడు? దొడ్డమనె ఇప్పటికీ మనుషులుండే ఇల్లు కదా, రాత్రి బసకి ఎన్ని రోజుల ముందు అడగాలి? వానల్లో వద్దనుకున్నాం, జలగల బాధ. ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.