అప్‌డేట్: పర్లాకిమిడి నుంచి విశాఖకి యెజ్డీ మీదే వెళ్తున్నా

మొన్న అడిగాను కదా, జులై రెండో ఆదివారం, జావా, యెజ్డీ బైకుల అభిమానులు జరుపుకునే జావా డేకి విశాఖలో పాత బళ్లవాళ్లు కలుస్తున్నారు, పాత సామాన్లు కూడా అమ్ముతారు, నాన్నగారి పాత యెజ్డీ రోడ్‌కింగ్ బైక్‌ని నడుపుకెళ్లాలా, వ్యాన్‌లో వేసుకెళ్లాలా అని. ఎక్కువమంది వ్యాన్ అన్నారు. క్షమించాలి, నడుపుకునే వెళ్తున్నా. వ్యాన్‌లోంచి దించిన బండిని చూసి అక్కడివాళ్లు ఏమనుకుంటారో నాకు తెలుసు!

శనివారం తెల్లారకముందే బయల్దేరి పాతపట్నం మీదుగా నరసన్నపేటలో హైవే ఎక్కుతా. టూ స్ట్రోక్ కాబట్టి ఆయిల్ మనమే పెట్రోల్‌లో కలుపుకోవాలి, అందుకని 2టి ఆయిల్ డబ్బా, కొలత గ్లాసు, వానలకి భయపడి స్పేర్ ప్లగ్గు, ఇగ్నిషన్ పాయింట్ల సెట్టు, క్లచ్ కేబుల్ కూడా సంచిలో పెట్టాను. మాది ఒడిశా నంబరు, 15 ఏళ్లు దాటిన బండి, ఆర్‌సీ రెన్యువల్ అయ్యే ఉంది, ఆ టెన్షన్ లేదు.

ఇక సామాన్లు. ఈ బళ్లు తయారుచేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది, కాబట్టి సీలు తీయని ఒరిజినల్ అన్న ప్రతివాణ్ణీ నమ్మను. నాకు ముఖ్యంగా కిక్ షాఫ్ట్, అంటే కిక్ రాడ్డు బిగించే ఇరుసు కావాలి, ఈ బండికి కిక్కూ గేరూ ఒకే రాడ్డు కదా, పళ్లు అరిగాయో లేదో చేత్తో తడిమి చూశాకే డబ్బులు తీస్తా. సైలెన్సర్ల జత దొరికితే రైల్లో వస్తున్న తమ్ముడు గుణుపూర్ ప్యాసింజర్‌లో తెచ్చేస్తాడు.

ఆ జతకి ఎంతవరకు బేరమాడొచ్చో తెలిసిన అన్నలు శుక్రవారంలోగా చెప్పండి.