తెషువాకి తెలుగు మాట? (తప్పు, మళ్లీ గురించి కూడా)

అందరికీ నమస్కారం. నేను చేస్తున్న అనువాదంలో యూదుల తెషువా అనే హీబ్రూ మాటకి పశ్చాత్తాపం అని రాసేసి మళ్లీ కొట్టేశానండీ. పశ్చాత్తాపం అంటే తప్పు చేశాక లోపల కాలడం, ఆ తాపం తెషువాలో లేదు, అది షూవ్ అనే ధాతువు నుంచి వచ్చింది, అంటే వెనక్కి తిరగడం, తిరిగి రావడం. జవాబుని కూడా తెషువా అనే అంటారు. మన బైబిల్లో హోషేయ 14లో "తిరుగుము" అని చక్కగా పెట్టారు, ఉపవాసముండి పాపక్షమాపణ వేడుకునే రోజైన యోమ్ కిప్పూర్‌కి ముందొచ్చే శనివారం యూదులు చదివేది ఆ భాగమే. మారుమనస్సు అనేది కొత్త నిబంధనలోని గ్రీకు మాటకి పెట్టింది, అది వేరే.

> పాపానికి హీబ్రూలో ఖేత్ అంటారు కదా మేడమ్, దాని క్రియకి గురి తప్పడం అని అర్థం. న్యాయాధిపతులు 20లో వెంట్రుకకి గురిపెట్టి వడిసెల రాయి విసిరినా తప్పని 700 మంది ఎడమచేతివాటం వాళ్ళ దగ్గర అదే క్రియ వాడారు. మన తెలుగు "తప్పు" కూడా అంతే, గురి తప్పింది, దారి తప్పాడు.

అబ్బ, ఎంత బాగా పట్టుకున్నారండీ! ఇంకోటి చూడండి, మన "మళ్లీ" మళ్లడం నుంచి వచ్చింది, ఇప్పటి హీబ్రూలో షూవ్ అన్నా మళ్లీ అనే. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ ఏమంటాడంటే అదే తప్పు చేసే అవకాశం మళ్లీ వచ్చి, చేయగలిగి కూడా చేయకపోతే అదీ పూర్తి తెషువా. సాటి మనిషికి చేసిన తప్పైతే వాళ్ళని సమాధానపరిచేదాకా యోమ్ కిప్పూర్ కూడా మాఫీ చేయదని యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలో ఉంది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, మా తమ్ముణ్ణి డబ్బు విషయంలో నలుగురిలో అనేసి ఎనిమిది నెలలు దేవుడికి దండం పెట్టుకున్నా గానీ వాడికి ఫోన్ చేయలేదు. పొద్దున్నే చేశాను. "నాదే తప్పురా" అన్నాను, చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "తిన్నావా అక్కా" అన్నాడు.

> అయితే మళ్లింపు అంటే?

వద్దండీ, నిధుల మళ్లింపు, ట్రాఫిక్ మళ్లింపు గుర్తొస్తాయి. ప్రస్తుతానికి "తిరిగి రావడం" అనే ఉంచాను, ఒక్క మాటలో ఎవరికైనా తడితే చెప్పండి.