బోధనా క్షేత్రంలో ఎండాకాలపు పచ్చిమేత: అంతా నేపియర్ వేయాలా, గట్ల మీద చెట్లు కూడా పెంచాలా?

ప్రశ్న (వరంగల్ సమీపం నుంచి, పశుగ్రాస క్షేత్రం బాధ్యుడు)

అందరికీ నమస్కారం. నేను పశుసంవర్ధక విద్య బోధించే ఒక సంస్థలో పశుగ్రాస క్షేత్రం పనులు చూస్తున్నాను. మేత కోసం మాకు కేటాయించిన భూమి ఆరు ఎకరాలు. అందులో నాలుగు ఎకరాలు ఎర్ర చెలక, దిగువన ఉన్న రెండు ఎకరాలు నల్లరేగడి. పది ముర్రా బర్రెలు, యాభై గొర్రెలు ఉన్నాయి. బర్రెకు రోజుకు 30 కిలోలు, గొర్రెకు 4 కిలోలు చొప్పున లెక్క వేస్తే రోజుకు 500 కిలోలు, నెలకు 15 టన్నుల పచ్చిమేత కావాలి.

ప్రస్తుతం రెండున్నర ఎకరాల్లో సూపర్ నేపియర్ అనే పశుగ్రాసపు గడ్డి ఉంది. వానాకాలంలో కోయడానికి మనుషులు చాలక గడ్డి ముదిరిపోతుంది. ఆకు తిన్న బర్రెలు లావాటి కాడలను గాటిలోనే వదిలేస్తాయి. ఏప్రిల్ వచ్చేసరికి ఉన్న ఒక్క బోరు ఆగి ఆగి పోస్తుంది, అదే మడిలో గడ్డి మోకాలెత్తు కూడా దాటదు. గత వేసవి వరిగడ్డితో, కొన్న దాణాతో నెట్టుకొచ్చాము గానీ పాలు బాగా తగ్గిపోయాయి. పచ్చిమేత విలువ గురించి తరగతిలో పాఠం చెప్పి, వెంటనే విద్యార్థులను వరిగడ్డి మాత్రమే ఉన్న గాటి దగ్గరికి తీసుకువెళ్లవలసి వచ్చినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది.

మిగిలిన భూమిలో కూడా నేపియరే వేస్తే కొరత తీరుతుందని మా దగ్గర కొందరి అభిప్రాయం. గట్ల మీద సుబాబుల్, అవిశ, గ్లైరిసిడియా పెంచాలని నా ఆలోచన. చెట్ల నీడ వల్ల, వేర్ల వల్ల పక్క పైరు దెబ్బతింటుందా? సుబాబుల్ ఆకు విషమని కొందరంటున్నారు, అందులో నిజమెంత? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 (విశ్రాంత పశువైద్యురాలు, హనుమకొండ)

బాబూ, మీ లెక్క సరిగానే ఉంది, కానీ మీకు కొరతగా ఉన్నది భూమి కాదు, నీరు. నేపియర్ నీటిని బట్టి పెరిగే గడ్డి. రెండున్నర ఎకరాలకు ఏప్రిల్‌లో చాలని బోరు ఆరు ఎకరాలకు ఎలా చాలుతుంది? నా మాట వింటే నేపియర్‌ను పెంచకండి, ఎకరన్నరకు తగ్గించండి. ఆ ఎకరన్నర కూడా పాక కడిగిన నీళ్లు, పెండ నీళ్లు కాల్వగా పారే చోటే ఉండాలి. 45 రోజులకొకసారి తప్పకుండా కోసేలా మడులను విడగొట్టుకుంటే కాడ ముదరదు.

వదిలిన ఎకరంలో, అంటే నల్లరేగడి వైపు, తొలకరికి ఆఫ్రికన్ టాల్ అనే మేత రకం మొక్కజొన్న వేయండి. మధ్య సాళ్లలో బొబ్బర్లు వేస్తే మాంసకృత్తులు కలుస్తాయి. గింజ పాలు పోసుకుని గట్టిపడే దశలో కోసి పాతర వేయండి, అంటే గాలి తగలకుండా గొయ్యిలో మాగబెట్టి (సైలేజీ) దాచండి. ఎండాకాలంలో బర్రెకు రోజుకు 15 కిలోల పాతర గడ్డి చొప్పున పది బర్రెలకు 90 రోజులకు పదమూడున్నర టన్నులు కావాలి. ఘనపు మీటరుకు సుమారు 500 కిలోలు పడుతుంది కాబట్టి మూడు మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు లోతు, ఆరు మీటర్ల పొడవు గల గొయ్యి సరిపోతుంది. గడ్డిని రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలుగా కొట్టించి, పొరపొరకూ ట్రాక్టరుతో తొక్కించి, గాలి చొరకుండా పాలిథిన్ పట్టా కప్పి మట్టి పోయాలి. తొక్కించడంలో బద్ధకిస్తే నెలన్నర తర్వాత పట్టా విప్పగానే ముక్కిన వాసన ముఖాన కొడుతుంది. సరిగా మాగిన గడ్డి పచ్చని పసుపు రంగుతో, పుల్లని పండు వాసనతో ఉంటుంది; విద్యార్థులు ఈ తేడాను తమ ముక్కుతోనే నేర్చుకోవాలి.

చెలకలో అర ఎకరం దశరథ గడ్డి (హెడ్జ్ లూసర్న్ అనే పప్పుజాతి మేత) వేయండి. ఒకసారి నాటుకుంటే మూడు నెలలకు మొదటి కోత, ఆ తర్వాత 40 రోజులకొక కోత వస్తుంది. మరో పప్పుజాతి మేత అయిన లూసర్న్ అడిగినంత నీరు ఇది అడగదు.

జొన్న వేయాలని ఎవరైనా సూచిస్తే మాత్రం ఒక విషయం మరువకండి. నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో ఒక క్షేత్రంలో జొన్న కోసిన తర్వాత వానలు ఆగిపోయాయి, మోళ్ల నుంచి జానెడు పిలకలు వచ్చాయి. తెలియక బర్రెలను అందులోకి వదిలారు. నేను వెళ్లేసరికి ఒకటి కాళ్లు కొట్టుకుంటూ ఎగశ్వాసతో పడి ఉంది, దాని నోటి లోపలి పొరలు మామూలుకన్నా ఎర్రగా మెరుస్తున్నాయి. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరంలోకి ఎక్కించి ఒకదాన్ని బతికించగలిగాను, మరొకటి నా చేతుల్లోనే పోయింది. లేత జొన్నలో, నీటి ఎద్దడికి గురైన జొన్నలో సయనైడ్ విషం తయారవుతుంది. సగం పైరు పూతకు వచ్చే దాకా దాన్ని పశువులకు పెట్టకూడదు. మీ పిల్లల చేత ఈ ఒక్క విషయం పలకల మీద రాయించి పాక గోడకు తగిలించండి.

సమాధానం 2 (గొర్రెల పెంపకందారు, జనగామ వైపు)

సార్, మేము తాత నాటి నుంచి జీవాలతో బతుకుతున్న వాళ్లము. ఎండాకాలంలో మా గొర్లను నిలబెట్టేది చెట్టే. ఏప్రిల్, మే నెలల్లో నల్లతుమ్మ కింద రాలిన కాయల కోసం మంద తానే పరుగెత్తుకుంటూ వెళ్తుంది. మా వైపు ఊళ్లలోని ముసలివాళ్లను అడిగితే ఏ చెట్టు ఏ నెలలో చిగురు వేస్తుందో, ఏ కొమ్మ కొడితే మళ్లీ వస్తుందో చెప్తారు. మీ విద్యార్థులను ఒకరోజు వాళ్ల వెంట పంపండి.

నాకు తెలిసినంతలో మూడు చెట్ల గుణాలు మూడు విధాలు. అవిశ తొందరగా పెరుగుతుంది, జీవాలకు దాని ఆకంటే ప్రాణం, కానీ మొత్తం నరికితే చస్తుంది. పై కొనలు కొన్ని ఉంచి పక్క కొమ్మలే తీయాలి, అప్పుడు కూడా నాలుగైదేళ్లకు మళ్లీ నాటుకోవాలి. గ్లైరిసిడియాకు కొమ్మ పాతితే చాలు. దాని ఆకును మొదట వాసన చూసి గొర్లు మూతి తిప్పుకుంటాయి. రాత్రంతా వాడబెట్టి, తెల్లారి అలవాటైన మేతలో కొద్దికొద్దిగా కలిపితే వారం రోజుల్లో అలవాటు పడతాయి. పూతకు రాకముందే ఒకసారి కొడితే కొత్త చిగురుతో ఆకు నిలుస్తుంది, కొట్టకుండా వదిలేస్తే మాత్రం ఎండలకు ముందే ఆకు రాలుస్తుంది. సుబాబుల్ మోటుది, ఎంత కొట్టినా వస్తుంది, అయితే కాయ ముదిరి పగిలితే గింజ చేనంతా మొలుస్తుంది. కాయ పచ్చిగా ఉన్నప్పుడే కోయండి.

రెండేళ్ల దాకా కంచె తప్పనిసరి. మా బావి దగ్గర నాటిన వంద మొక్కల్లో పక్క మంద మేకలు ఒక్క మధ్యాహ్నంలో అరవై మొక్కల బెరడు చుట్టూతా గీకేశాయి. మర్నాడు చూస్తే తెల్లటి పుల్లలు నిలబడి ఉన్నాయి.

సర్కారు తుమ్మను మాత్రం మేత పేరుతో రానివ్వకండి సార్. కాయ తియ్యగా ఉంటుంది నిజమే, కానీ గింజ పెండలో పడి ఊరంతా కమ్ముకుంటుంది.

సమాధానం 3 (వ్యవసాయ పరిశోధనలో పనిచేస్తున్నవారు, జగిత్యాల)

నీడ గురించి అడిగారు. మన వైపు చలికాలంలో సూర్యుడు దక్షిణంగా వాలి ఉంటాడు కనుక నీడ ఉత్తరానికి పడుతుంది; మొదట ఉత్తరపు గట్టు మీద నాటితే నీడ మీ పైరు మీద పడదు. తక్కిన గట్ల మీద చెట్టును మీటరు ఎత్తుకు మించనీయక పొదలాగా కోస్తూ ఉంటే ఇబ్బంది ఉండదు. నీడ పడే చోట గినీ గడ్డి నాటండి, అది పాక్షిక నీడలో బాగానే వస్తుంది. వేర్ల కోసం చెట్ల వరుసకు మీటరు దూరంలో రెండడుగుల లోతు కందకం తీసి, ఏటా వానలకు ముందు శుభ్రం చేయించండి.

సుబాబుల్‌లో మిమోసిన్ అనే పదార్థం ఉన్న మాట నిజం. నెమరువేసే పశువులకు మొత్తం పచ్చిమేతలో మూడో వంతు మించకుండా ఇస్తే ప్రమాదం లేదు. గుర్రాలకు, కుందేళ్లకు, పందులకు పెట్టకూడదు.

ఇక చెట్ల నుంచి ఎంత ఆశించాలన్నది ముందే తేల్చుకోవడం మంచిది. ఆరు ఎకరాలు చతురస్రంగా ఉందనుకుంటే చుట్టుగట్టు పొడవు దాదాపు 620 మీటర్లు, మీటరుకొక చెట్టు అంటే సుమారు 600 చెట్లు. కోతకు చెట్టుకు రెండు కిలోల ఆకు వస్తుందని అనుకున్నా 1,200 కిలోలు. అది మీ మొత్తం మందకు రెండున్నర రోజుల మేత కూడా కాదు. కానీ అదే ఆకును యాభై గొర్రెలకు రోజుకు కిలో చొప్పున వరిగడ్డితో పాటు ఇస్తే ఒక్కో కోత 24 రోజులు వస్తుంది. కాబట్టి బర్రెలకు పాతర, గొర్రెలకు చెట్టు అని విభజించుకోండి. మన దేశం 2014లోనే వన వ్యవసాయానికి (పంటలతో పాటు చెట్లు పెంచే సాగుకు) జాతీయ విధానం ప్రకటించింది. అయినా విద్యార్థులు కళ్లారా చూసే చెట్ల గట్టు చాలా క్షేత్రాల్లో లేదు. మీది ఆ లోటు తీర్చగలదు.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. బర్రెలకు పాతర, గొర్రెలకు చెట్టు అన్న విభజన నాకు తట్టనే లేదు; ఇన్నాళ్లూ రెండింటినీ ఒకే కుప్పగా లెక్కించాను. నేపియర్‌ను ఎకరన్నరకు కుదించి, పాతర గొయ్యిని పాక పక్కన ఎత్తైన చోట తీయించడానికి మా వాళ్లను ఒప్పించాను. వెదురు బద్దలతో మీటరు చతురం చట్రం కట్టించి, ప్రతి కోతకూ ముందు అందులో పడిన గడ్డిని విద్యార్థుల చేత కోయించి కాటా వేయిస్తున్నాము. నిన్న మొదటిసారి నేపియర్ ఆకునూ కాడనూ విడివిడిగా తూచినప్పుడు, కాడే ఎక్కువ బరువు తూగడం చూసి వాళ్లు మళ్లీ మళ్లీ కాటా సరిచూసుకున్నారు. మరొక సందేహం: దశరథ గడ్డి గింజలు కొంచెం చల్లి చూస్తే పదింటికి రెండు కూడా మొలవలేదు. గింజ పాతదా, పద్ధతి తప్పా?

సమాధానం 4 (విశ్రాంత పశువైద్యురాలు, హనుమకొండ)

గింజ మంచిదే అయి ఉంటుంది, దాని పొట్టు గట్టిది. నీటిని మరిగించి, పొయ్యి మీద నుంచి దించి, 80 డిగ్రీలకు తగ్గాక గింజలను నాలుగైదు నిమిషాలు అందులో ఉంచి, తర్వాత రాత్రంతా చల్లని నీటిలో నానబెట్టి, నీడలో ఆరబెట్టి విత్తండి. సుబాబుల్ గింజకు కూడా ఇదే పద్ధతి. దాన్ని మార్చిలోనే సంచుల్లో పోసుకుంటే మృగశిర కార్తెకు గట్టు మీదకు చేరుతుంది.