ఇంట్లో స్టేక్ ఫహీతా రైస్ బౌల్: మాంసం నీళ్లు వదిలి గట్టిపడుతోంది, ఏం చేయాలి?

కేటీ కోడలు:
అందరికీ నమస్తే. మేం హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. మా పిల్లలిద్దరికీ ఫహీతా రైస్ బౌల్ అంటే ప్రాణం, అదే, మసాలా పట్టించి కాల్చిన స్టేక్ (బీఫ్ ముక్క), క్యాప్సికం, ఉల్లిపాయ అన్నం మీద పెట్టుకునేది. ప్రతిసారీ బయట కొనాలంటే బిల్లు చూసి గుండె గుభేల్మంటోంది, అందుకని ఇంట్లో మొదలుపెట్టాను. మసాలా రుచి బాగానే కుదురుతోంది, స్టేక్ దగ్గరే తేడా కొడుతోంది. పెనంలో వేయగానే నీళ్లు ఊరి, ఆ నీళ్లలోనే ఉడికి బూడిద రంగుకి తిరుగుతుంది. నమిలితే రబ్బరే. క్యాప్సికం, ఉల్లిపాయ మెత్తబడిపోతాయి. అన్నం ముద్దకడుతుంది.

నేను వాడేది స్టోర్‌లో ముందే సన్నగా కోసి అమ్మే స్టిర్ ఫ్రై ప్యాకెట్. నిమ్మరసం, ఉప్పు, చిల్లీ పౌడర్, జీలకర్ర పొడి కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతాను. నాన్‌స్టిక్ పెనం. వచ్చే వారం అత్తయ్య, మావయ్య దిగుతున్నారు. మావయ్య చికెన్ వరకే, అత్తయ్య పూర్తి శాకాహారి. ఒకే పూట అందరికీ బౌల్స్ పెట్టాలని ఆశ. దారి చెప్పండి.

శాన్ ఆంటోనియో అన్న:
ముందు ఆ ప్యాకెట్ మానేయండమ్మా. అందులో ఏ భాగం ముక్కలు ఉంటాయో మనకి తెలియదు. పైగా అంత సన్నటి ముక్క పైన ఎర్రగా వేగేలోపే లోపల ఎండిపోతుంది. స్కర్ట్ స్టేక్ కావాలని అడగండి. మెక్సికన్ మాంసం కొట్లలో 'అరచెరా' అంటే తీసిస్తారు. పొడుగ్గా, అర అంగుళం మందాన ఉంటుంది. అది దొరక్కపోతే ఫ్లాంక్ స్టేక్. నలుగురైదుగురికి ఒకటిన్నర పౌండ్లు, అంటే సుమారు 700 గ్రాములు చాలు, బౌల్లో అన్నం, బీన్స్ ఉంటాయి కదా.

ఈ ముక్క సంగతి తెలిస్తే వండే పద్ధతి దానంతటదే అర్థమవుతుంది. ఇది ఆవు డయాఫ్రమ్ కండ. ఊపిరి తీసినప్పుడల్లా పనిచేస్తుంది కాబట్టి పీచు పొడుగ్గా, ముతకగా ఉంటుంది. రుచి మాత్రం గట్టిది. 1930ల్లో దక్షిణ టెక్సస్‌లో, రియో గ్రాండే పక్క పశువుల క్షేత్రాల్లో పనిచేసే మెక్సికన్ కాపరులకి తల, తోలు, పేగులతో పాటు దీన్నీ కూలి కింద ఇచ్చేవాళ్లు. వాళ్లు నిప్పుల మీద చుర్రుమనిపించి, సన్నగా కోసి టోర్టియాల్లో, అంటే మెక్సికన్ రొట్టెల్లో, పెట్టుకున్నారు. అదే ఫహీతా. 1969లో మాంసం కొట్టులో పనిచేసే సానీ ఫాల్కన్ అనే ఆయన ఆస్టిన్ దగ్గర కైల్ ఊళ్లో జరిగిన ఉత్సవంలో ఈ ఫహీతాల్ని అమ్మాడు. మీ హ్యూస్టన్‌లో నిన్ఫా లారెంజో అనే ఆవిడ 1973లో హోటల్ పెట్టాక పట్నం వాళ్లకీ అలవాటైంది. ఊరికే ఇచ్చేసిన ముక్క ఇప్పుడు ఎంత పలుకుతోందో కౌంటర్ దగ్గర చూస్తారుగా!

వాళ్లు చేసిన రెండు పనులే మనమూ చేయాలి: బాగా వేడి మీద కొద్దిసేపు కాల్చడం, పీచుకి అడ్డంగా కోయడం.

నాన్‌స్టిక్ పక్కన పెట్టండి, అంత వేడికి దాని పూత పాడవుతుంది. పోత ఇనుప పెనం తీసుకోండి, ఇరవై ముప్పై డాలర్లలో వస్తుంది. స్టేక్ మీద తెల్లటి పొర ఉంటే వేలితో లాగి తీసేయండి. పెనంలో పట్టేట్టు నాలుగేసి అంగుళాల ముక్కలు చేసుకోండి. మసాలాలోంచి తీశాక పేపర్ టవల్‌తో రెండు వైపులా గట్టిగా అద్ది తడి లేకుండా చేయండి. మసాలా పోతుందని భయం వద్దు, పట్టాల్సింది పట్టేసి ఉంటుంది. తడి ఉన్నంతసేపూ పెనం వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, ముక్క ఎర్రబడదు. మీకు నీళ్లు ఊరడానికి సగం కారణం ఇదే. మిగతా సగం, పెనం నిండా ఒకేసారి వేసేయడం. రెండు వాయిలుగా వేయండి.

పెనం మీద చుక్క నీరు వేస్తే గెంతుతూ పరిగెత్తాలి. అప్పుడు కనోలా గానీ అవకాడో గానీ నూనె ఒక స్పూను, మీద ముక్క. రెండున్నర నిమిషాలు కదపకండి. తిప్పండి. ఇంకో రెండు నిమిషాలు. తీసి పళ్లెంలో ఐదు నిమిషాలు ఉంచి అప్పుడు కోయండి. పళ్లెంలో దిగిన రసం పారబోయకుండా అన్నం మీద పోయండి.

ఇక కోత. ముక్క మీద గీతలు కంటికి కనిపిస్తూనే ఉంటాయి. స్కర్ట్‌లో అవి పొడవునా కాక వెడల్పు వైపు పోతాయి, ఒక అంచు నుంచి ఎదురంచుకి. కాబట్టి చేతికి అలవాటైనట్టు పొడుగు ముక్కను అడ్డంగా కోసుకుంటూ పోతే పీచు వెంబడే కోసినట్టు. నాలుగంగుళాల ముక్కను పావు చుట్టు తిప్పి, గీతల్ని తెగ్గొడుతూ పావంగుళం మందాన కోయండి. ఒక తునక రెండు చేతులా పట్టుకుని లాగి చూడండి. పుటుక్కున విడిపోతే సరైన కోత. దారాలు సాగితే కత్తి దిశ మార్చండి.

పచ్చిమిర్చి:
అన్న చెప్పింది బాగుంది, నేను మసాలా గురించి చెప్తా. కేటీ కోడలు గారూ, మీరు వేసే చిల్లీ పౌడర్ ఇక్కడి సీసాలోదా, ఇంటి నుంచి తెచ్చిన కారమా? ఇక్కడి అమెరికన్ రెసిపీల్లో చిల్లీ పౌడర్ అంటే ఒట్టి మిరపపొడి కాదు. ఘాటు తక్కువ మిరపకాయలతో పాటు జీలకర్ర, వెల్లుల్లి పొడి, ఒరెగానో కలిపిన మిశ్రమం. వాళ్లు రెండు టేబుల్ స్పూన్లు అన్నారని మన గుంటూరు కారం అంతే వేస్తే ఇంటిల్లిపాదీ మజ్జిగ కోసం పరిగెత్తాల్సిందే. మన డబ్బాలోదే వాడాలంటే కాశ్మీరీ మిరపపొడి రెండు టీస్పూన్లు, మామూలు కారం అర టీస్పూను, వేయించిన జీలకర్ర పొడి రెండు టీస్పూన్లు, ఒరెగానో ఒక టీస్పూను. పొగ వాసన కావాలంటే స్మోక్డ్ పాప్రికా ఒక టీస్పూను, లేదా చిపోట్లే మిరపకాయలు డబ్బాలో అడోబో సాస్‌తో వస్తాయి, ఒక్క కాయ చిదిమి వేయండి. చిపోట్లే అంటే పండిన హలపేన్యో మిరపకాయని పొగబెట్టి ఎండబెట్టిందే.

కేటీ కోడలు:
ఇంటి కారమేనండీ. మావారు తింటూ ముక్కు ఎందుకు తుడుచుకుంటారో ఇప్పుడు తెలిసింది. నిమ్మరసం సంగతి కూడా చెప్పండి, రాత్రంతా ఉంచొచ్చా?

శాన్ ఆంటోనియో అన్న:
రాత్రంతా వద్దు. పులుపు పైపొరని ముందే ఉడికించినట్టు చేసి పిండిపిండిగా మారుస్తుంది. ఒకటిన్నర పౌండ్లకి రెండు నిమ్మకాయల రసం, సోయా సాస్ రెండు టేబుల్ స్పూన్లు, నూనె రెండు, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, పచ్చిమిర్చి గారు చెప్పిన పొడులు. గంట, మహా అయితే రెండు గంటలు. సోయా సాస్ ఏంటని ఆశ్చర్యపోకండి, టెక్సస్ హోటళ్లలో చాలామంది వాడతారు. అందులోనే ఉప్పు ఉంది కాబట్టి వేరే ఉప్పు చూసి వేయండి.

ఇర్వింగ్ పిన్ని:
నాకు ఇక్కడ తేడా ఉంది తమ్ముడూ. నేను నిమ్మరసం మాంసానికి ముందు అసలు పట్టించను. పొద్దున ఆఫీసుకి వెళ్లేముందు ఉప్పు, పొడులు మాత్రం రాసి మూత లేకుండా ఫ్రిజ్‌లో పెడతాను. సాయంత్రానికి ఉప్పు లోపలికి దిగుతుంది, పైన పొడిగా ఉంటుంది, అద్దే పని కూడా తప్పుతుంది. కోశాక నిమ్మకాయ పిండితే వాసన ఘుమ్మని తాజాగా ఉంటుంది. ఉద్యోగం చేసేవాళ్లకి ఇదే సుఖం.

అనాస రసం గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు, ముందే చెప్పేస్తా. పచ్చి అనాసలో మాంసాన్ని మెత్తబరిచే ఎంజైమ్ ఉంటుంది, అరగంట దాటితే ముక్క గుజ్జవుతుంది. డబ్బా రసాన్ని వేడి చేసి నింపుతారు కాబట్టి ఆ ఎంజైమ్ ఉండదు, తీపి మాత్రమే మిగులుతుంది. ఆ తీపి వేడి పెనం మీద మాడుతుంది.

ఇక అన్నం. సోనా మసూరి ఈ బౌల్‌కి కుదరదు, రసం తగలగానే ముద్దవుతుంది. బాస్మతి గానీ ఇక్కడి లాంగ్ గ్రెయిన్ గానీ తీసుకోండి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, ఇన్‌స్టంట్ పాట్‌లో (కరెంటు ప్రెషర్ కుక్కర్) కప్పు బియ్యానికి కప్పు నీళ్లు, బిర్యానీ ఆకు, స్పూను నూనె, ఉప్పు. ప్రెషర్ మీద నాలుగు నిమిషాలు, పది నిమిషాలు దానంతటది చల్లారనిచ్చి మూత తీయండి. వెడల్పాటి పళ్లెంలో పరిచి ఆవిరి పోయాక నిమ్మరసం, కొత్తిమీర కలపండి. ఉడికేటప్పుడే కొత్తిమీర వేస్తే నల్లబడుతుంది. కడిగిన కొత్తిమీర బాగా ఆరాకే తరగండి.

ఆస్టిన్ అక్క:
అత్తయ్యగారి గురించి ఎవరూ మాట్లాడటం లేదే! మా ఇంట్లోనూ ఇదే వరస, అందుకని చెప్తున్నా.

ముందు కొనేటప్పుడు లేబుల్ చదవండి. డబ్బాలో వచ్చే రిఫ్రైడ్ బీన్స్ కొన్నింట్లో లార్డ్, అంటే పంది కొవ్వు ఉంటుంది. మైదా టోర్టియాల్లోనూ కొన్నింట్లో ఉంటుంది. వెజిటేరియన్ అని రాసి ఉన్నవే తీసుకోండి. నేనైతే మామూలు బ్లాక్ బీన్స్ డబ్బా తెచ్చి, కడిగి, జీలకర్ర, వెల్లుల్లి పోపులో ఐదు నిమిషాలు మగ్గిస్తాను. అత్తయ్యగారికి ఇది అలవాటైన రుచిలానే ఉంటుంది. వూస్టర్‌షైర్ సాస్ వాడొద్దు, మామూలుగా అందులో ఆంకోవీ చేపలుంటాయి.

ఆమెకి పనీర్ మందంగా కోసి అదే పొడులు పట్టించండి, కాకపోతే వేరే గిన్నెలో. మీ నాన్‌స్టిక్ పెనం దీనికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. గరిటె, పట్టకారు కూడా వేరుగా ఉంచండి, పెద్దవాళ్లు అవి చూస్తారు, అడగరు.

క్యాప్సికం, ఉల్లి మాంసం పెనంలో మాంసం తర్వాత వేయిస్తే అడుగున అంటిన మసాలా పట్టి రుచి వస్తుంది. నిజమే. కానీ ఆ పూట మాత్రం వేరే పెనంలో అందరికీ కలిపి ముందే వేయించేయండి. రెండు రంగుల క్యాప్సికం, ఒక పెద్ద ఎర్ర ఉల్లిపాయ, వేలెడు వెడల్పున నిలువుగా కోయండి. మంట పెద్దది, ఊరికే కలపొద్దు, అంచులు నల్లబడాలి, మధ్యలో కరకరమనాలి. ఐదారు నిమిషాలు చాలు. ఉప్పు దించే ముందు వేయండి, ముందే వేస్తే నీరు వదులుతాయి.

మావయ్యగారికి బోన్‌లెస్ చికెన్ తొడ ముక్కలు. బ్రెస్ట్ ఎండిపోతుంది. వరస ఇలా పెట్టుకోండి: అన్నం, బీన్స్, పికో (పచ్చి టమాటా, ఉల్లి తరిగి కలిపింది) ముందే అయిపోవాలి, తర్వాత కూరగాయలు, పనీర్, ఆపైన చికెన్, అన్నిటికంటే ఆఖర్న స్టేక్. అది ఆరేలోపు బల్ల మీద అన్నీ గిన్నెల్లో సర్దేయండి. ఎవరి బౌల్ వాళ్లే కలుపుకుంటారు, వడ్డించే పని కూడా ఉండదు.

కేటీ కోడలు:
అక్కా, మీరు దేవత. ఇంకొక్క టెన్షన్. స్టేక్ లోపల గులాబీ రంగు ఉంటే పిల్లలకి పెట్టొచ్చా? ఆ ఎర్రటి నీళ్లు చూస్తే నాకే అదోలా ఉంటుంది.

ఆస్టిన్ అక్క:
అది రక్తం కాదు, మయోగ్లోబిన్ అని కండలో ఉండే ప్రోటీన్ రంగు. రంగు చూసి తేల్చుకోవద్దు, పది పదిహేను డాలర్ల థర్మామీటర్ కొనండి. కోయని బీఫ్ ముక్కకి ఇక్కడి వ్యవసాయ శాఖ చెప్పేది 145 డిగ్రీల ఫారెన్‌హీట్, దించాక మూడు నిమిషాలు ఆగడం. చికెన్‌కి 165. పిల్లలకి ఆ లెక్క దాటించే పెట్టండి. సూదిని పైనుంచి కాకుండా పక్కనుంచి గుచ్చండి, ముక్క పలుచన కదా. హోటళ్లలో 130 దగ్గర తీసేస్తారు, పెద్దవాళ్లు తింటే అది వాళ్లిష్టం.

మలక్‌పేట్ నుంచి:
హైదరాబాద్‌లో ఉన్నోళ్ల సంగతేంది? ఈడ స్కర్ట్ అంటే కొట్టాయన నా మొఖం చూస్తుండు. పెద్దకూరతో అయితదా?

శాన్ ఆంటోనియో అన్న:
అవుతుంది తమ్ముడూ, పద్ధతి మారుతుంది. అక్కడ దొరికేది ఎక్కువగా గేదె మాంసం, అదే రోజు కోసింది, కాబట్టి గట్టిగా ఉంటుంది. అండర్‌కట్ అని అడుగు, కొట్టాయనకి తెలుస్తుంది. కొవ్వు తక్కువ, అన్నిటికంటే మెత్తటి భాగం. పీచుకి అడ్డంగా సన్నగా ముందే కోసి, పచ్చి బొప్పాయి ముద్ద ఒక్క టీస్పూను పట్టించి అరగంట ఉంచు, ఎక్కువసేపు వద్దు. కడాయి పొగలు కక్కేంత వేడెక్కాక కొంచెం కొంచెంగా వేసి పూర్తిగా ఉడికేదాకా వేయించు. గులాబీ రంగు ప్రయోగాలు అక్కడ వద్దు. నిమ్మకాయ మాత్రం అక్కడిదే బాగుంటుంది.

పచ్చిమిర్చి:
పొగ గురించి ఎవరూ హెచ్చరించలేదు. అపార్ట్‌మెంట్‌లో ఇనుప పెనం అంత వేడి చేస్తే స్మోక్ అలారం మోగడం ఖాయం. ఫ్యాన్ ముందే వేసి కిటికీ తీయండి. చాలా ఇళ్లలో పొయ్యి మీది ఫ్యాన్ గాలిని బయటికి పంపదు, వడకట్టి మళ్లీ ఇంట్లోకే వదులుతుంది. పెరడు ఉంటే బయట గ్రిల్ మీద కాల్చుకోండి, అసలు రుచి అక్కడే.

కేటీ కోడలు:
పెరడు ఉంది, గ్రిల్ మావారికి అప్పగిస్తా. మిగిలితే మర్నాడు లంచ్ బాక్స్‌లో పెట్టొచ్చా?

ఇర్వింగ్ పిన్ని:
పెట్టొచ్చు, అన్నం దగ్గర జాగ్రత్త. వండిన అన్నం బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు, మళ్లీ వేడి చేసినా పోని విషం తయారుచేసే బ్యాక్టీరియా అందులో పెరుగుతుంది. తినడం అవగానే లోతు తక్కువ డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టేయండి. స్టేక్ ముక్కల్ని అన్నంతో కలపకుండా వేరే డబ్బాలో ఉంచండి. మర్నాడు అన్నం, బీన్స్ మీద చెంచాడు నీళ్లు చిలకరించి పొగలొచ్చేదాకా మైక్రోవేవ్ చేసి, స్టేక్‌ని ఆఖర్న అర నిమిషం మాత్రమే వేడి చేయండి. అంతకంటే ఎక్కువైతే మళ్లీ గట్టిపడుతుంది. పికో, అవకాడో బాక్స్‌లో విడిగా.

మిగిలేలా చేయాలంటే మాత్రం రెండు పౌండ్లు తెచ్చుకోండి.