గండుపిల్లి బీరువా మీద పోస్తున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న (కడప నుంచి)

మా ఇంట్లో ఏడాదిన్నర గండుపిల్లి ఉంది. పేరు బుజ్జోడు. కూనగా వానలో తడుస్తుంటే మా పాప ఎత్తుకొచ్చింది. ఇన్నాళ్ళూ పెరట్లో మట్టిలోకి పోయి పని చూసుకొని వచ్చేవాడు. నెల రోజులుగా ఇంట్లోనే పోస్తున్నాడు. బీరువా పక్కన, తలుపు మూలన, నిన్న మా అత్తమ్మ ట్రంకుపెట్టె మీద. ఫినాయిల్ పోసి రెండుసార్లు తుడిచినా ఆ కంపు పోదు. కోపమొచ్చి చీపురుతో రెండు వేశాను. అప్పటినుంచి కక్ష కట్టినట్టు ఇంకా ఎక్కువ చేస్తున్నాడు. మా ఆయన గోనెసంచిలో వేసుకొని పోయి చేపల మార్కెట్ దగ్గర వదిలేస్తా అంటున్నాడు. పాప ఏడుపు. ఏమన్నా దారి ఉంటే చెప్పండి.

జవాబు (అనంతపురం నుంచి)

చెల్లీ, ముందు ఒకటి గమనించి చెప్పు. నిలబడి పోస్తున్నాడా, కూర్చొని పోస్తున్నాడా? ఎంత పడుతోంది?

కడప

నిలబడే అక్కా. గోడకు వీపు చూపించి, తోక నిక్కబెట్టి వణికిస్తాడు. పడేది కొంచెమే, కానీ వాసన ఇల్లంతా. పెరట్లోకి మామూలుగానే పోతున్నాడు.

అనంతపురం

అయితే కక్షా లేదు, పాడూ లేదు. ఈడొచ్చిన గండుపిల్లి ‘ఈ ఇల్లు నాది’ అని గుర్తు పెట్టుకోవడం అది. చిక్కటి వాసన అందుకే. కూర్చొని, నేల మీదో పరుపు మీదో మడుగు కట్టేట్టు పోస్తే దాని కథ వేరు, అప్పుడు జబ్బో, మట్టి నచ్చకపోవడమో చూడాలి. మీ వీధిలోకి ఈ మధ్య ఇంకో మగపిల్లి వచ్చిందా?

కడప

అవునక్కా! సాయంత్రమైతే నలుపూ తెలుపూ మచ్చలది ఒకటి ప్రహరీ మీద కూర్చుంటుంది. వీడు కిటికీలోంచి చూసి గుర్రుమంటాడు.

అనంతపురం

దొరికింది కదా. వాడిని చూసి వీడికి టెన్షన్. నువ్వు కొడితే ఆ టెన్షన్ రెండింతలైంది. ఎప్పుడో చేసిన పనికి ఇప్పుడు దెబ్బ పడితే పిల్లికి అర్థమయ్యేది ఒక్కటే, నువ్వు భయపడాల్సిన మనిషివని.

చేయాల్సిన అసలు పని ఆపరేషన్. వృషణాలు తీసేస్తారు, మగపిల్లికి చిన్న పనే, చాలావరకు అదే రోజు ఇంటికి పంపిస్తారు. అయిదారు నెలల వయసులో చేయించి ఉంటే ఈ అలవాటే పడేది కాదేమో. ఇప్పుడైనా ఎక్కువ పిల్లులు మానేస్తాయి, కానీ మరుసటి రోజే ఆగుతుందని చూడొద్దు. ఒంట్లో ఉన్న హార్మోన్ తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. మీకు దగ్గర్లో ప్రొద్దుటూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడ కనుక్కో. పోయినప్పుడే రేబీస్ టీకా సంగతి కూడా అడుగు. మూడు నెలలు దాటిన పిల్లికి వేస్తారు, తర్వాత ఎప్పుడెప్పుడు వేయించాలో వాళ్ళే చెప్తారు.

ఆ కిటికీ కింది సగానికి పాత పేపర్ అంటించు. ప్రహరీ మీది మొగుడు కనపడకపోతే వీడికి సగం మంట తగ్గుతుంది.

జవాబు (కర్నూలు నుంచి)

అమ్మా, ఫినాయిల్ ముందు ఆపండి. నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి కాలేయం సరిగా విరగ్గొట్టలేదు. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే చాలు, విషం లోపలికి పోతుంది. పారాసిటమాల్ కూడా అంతే, మనుషుల జ్వరం మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదు. ఒళ్ళు వేడిగా ఉందని అర మాత్ర వేసేవాళ్ళను చూశాను, అందుకే చెప్తున్నా.

నెట్‌లో చూసి వెనిగర్, నిమ్మరసం కూడా పోయకండి. మీది కడప బండల నేలే అయి ఉంటుంది. కడప బండ, మా బేతంచెర్ల బండ రెండూ సున్నపురాయే. పులుపు పడితే రాయి తినేస్తుంది. మా వరండాలో నా తెలివికి గుర్తుగా పళ్ళెమంత తెల్ల మచ్చ ఇప్పటికీ ఉంది. సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక పెంపుడు జంతువుల అంగడిలో దొరికే ఎంజైమ్ ద్రావణం చల్లండి. అది వాసన పుట్టించే పదార్థాన్నే విరగ్గొడుతుంది. బండల సందుల్లో కూడా పోయాలి, ఉచ్చ దాగేది అక్కడే. మన ముక్కుకు తెలియకపోయినా వాడి ముక్కుకు తెలుస్తుంది, మళ్ళీ అక్కడికే వస్తాడు.

ఇంకో చిట్కా. పిల్లి తినేచోట గుర్తు పెట్టడానికి ఇష్టపడదు. కడిగిన చోటే కొన్నాళ్ళు అన్నం గిన్నె పెట్టి చూడండి.

ఒక హెచ్చరిక. గండుపిల్లి మాటిమాటికీ కూర్చొని ముక్కుతూ, చుక్క కూడా రాకపోతే రేపు చూద్దాం అనుకోవద్దు. మా వాడికి మే నెలలో అలాగే అయింది. మలబద్ధకం అనుకొని ఒక పూట పోగొట్టాను. డాక్టరు చూసి, మూత్రనాళం మూసుకుపోయింది, ఇంకో రోజు ఆగుంటే బతికేవాడు కాదు అన్నాడు. సన్నటి గొట్టం వేసి తీశారు. ఎండాకాలం నీళ్ళు తక్కువ తాగడం, నేను పొడి మేత తప్ప ఇంకేమీ పెట్టకపోవడం దానికి తోడయ్యాయి. ఇప్పుడు మేతలో నీళ్ళు కలుపుతున్నా, ఇంట్లో మూడు చోట్ల గిన్నెలు పెట్టా.

కడప

అన్నా, వీడికి మేము పాలన్నమే పెడుతున్నాం.

కర్నూలు

కళ్ళు మూసుకొని పాలు తాగే పిల్లి అని సామెత ఉంది గానీ, పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. ఉత్త పాలన్నంతో టారిన్ అనే పోషకం దొరకదు, అది మాంసంలోనే ఉంటుంది. లేకపోతే చూపు, గుండె రెండూ దెబ్బతింటాయి. ఉడికించిన కోడి, చేప పెట్టండి, ముల్లు తీసి. ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన కూర వద్దు.

అనంతపురం

మీ ఆయనకు చెప్పు చెల్లీ, తిండీ నీళ్ళూ దొరకని చోట జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. జరిమానా వింటే నవ్వొస్తుంది, మొదటిసారికి పది నుంచి యాభై రూపాయలు. అది పక్కన పెట్టు. ఇంట్లో పెరిగిన వాడు మార్కెట్‌లోని గండుపిల్లుల మధ్య, కుక్కల మధ్య ఎన్నాళ్ళుంటాడు?

పాప వాడితో చేతులతో ఆడొద్దు. దారానికి గుడ్డముక్క కట్టి ఆడించమను. గీరినా, కరిచినా సబ్బు పెట్టి ధారగా పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి తీసుకుపోండి. ఇంటి పిల్లే కదా అనుకోవద్దు, వీడికి ఇంకా టీకా పడలేదు.

కడప (నలభై రోజుల తర్వాత)

అక్కా, అన్నా, ఆపరేషన్ అయింది. టీకా కూడా వేయించాం. మొదటి రెండు వారాలూ పోశాడు, మా ఆయన సంచి వెతికాడు. మూడో వారం నుంచి తగ్గింది, ఈ వారం ఒక్కసారే, అదీ తలుపు మూలన. ట్రంకుపెట్టెకు మాత్రం ఎంత కడిగినా వాసన పోలేదు. అత్తమ్మ చీరలు తీసేసి, తిట్టుకుంటూనే వాడి గిన్నె దాని మీద పెట్టింది. ఇప్పుడు తినేదీ పడుకునేదీ అక్కడే. ఇంకొకటి అడగాలి, పొద్దున నాలుగింటికి లేచి మొహం మీద పాదం పెడతాడు, దానికేం చేయాలి?

అనంతపురం

నువ్వు లేచి తిండి పెడుతున్నావు కదూ? పెట్టకు. రాత్రి పడుకునే ముందు బాగా ఆడించి, అప్పుడు పెట్టు. నాలుగు రోజులు అరుస్తాడు, లేవకు. అయిదో రోజు లేచావంటే మళ్ళీ మొదటికొస్తుంది.