బలి నాలుక తిరగలేదా, తిరగదా?

హనుమకొండ నుంచి: పోతన భాగవతం వామన చరిత్రలో, ఇచ్చిన మాట తప్పనని బలి తన గురువు శుక్రాచార్యుడికి చెప్పే "నిరయంబైన నిబంధమైన" పద్యం. చివరి పాదం మా బాపు "తిరుగం బోదు నాదు జిహ్వ" అని చదివేటోడు. నిన్న ఇంకెవరో "తిరుగన్ నేరదు" అన్నారు. రెంటికీ చాలా తేడా ఉంది కదా. 'బోదు' అయితే తన నాలుక రేపు ఏం చేస్తుందో బలే జోస్యం చెప్తున్నట్టు. 'నేరదు' అయితే దానికి చేతకాదన్నట్టు. ఏది సరైంది?

కాజీపేట మాస్టారు: గణాలు వేసుకోండి సార్. ఈ పద్యం మత్తేభం, అందులో రెండో గణం భ (గురువు, లఘువు, లఘువు). 'నేరదు' అతికినట్టు సరిపోతుంది. 'బోదు నా' రగణం (గురువు, లఘువు, గురువు), పైగా పాదంలో ఒక అక్షరం తగ్గుతుంది. మీ బాపు గొంతు బాగుండి ఉంటుంది, ఛందస్సు మాత్రం ఒప్పుకోదు.

జనగామ అక్క: గణం సంగతి సరే, అర్థం సంగతేంటి? నేరదు అంటే చేతకాదనేనా? మా ఇంట్ల "నాకు అబద్ధమాడ రాదు" అంటే నేర్చుకోలేదని కాదు, ఆడనని. పోతన మా బమ్మెరాయన, ఆ మాట వినే ఉంటాడు.

కడప మిత్రుడు: బమ్మెర అన్నారు కాబట్టి, పోతన మావాడే అనే ఒంటిమిట్ట తరఫున నా హాజరు వేసుకోండి.

కాజీపేట మాస్టారు: వేశాం, కూర్చోండి. అక్కా, మీ మాట పద్యంలో నిలవదు. శుక్రుడు దివ్యదృష్టితో వచ్చినవాడు విష్ణువని కనిపెట్టాడు, జరగబోయేది చెప్పాడు. అంతా ముందే తెలిసిపోయాక బలికి మిగిలిన స్వేచ్ఛ ఏముంది? నేరదు అంటే నేరదే.

మంథని నుంచి: పంచాంగంలో గ్రహణం రాసినంత మాత్రాన సిద్ధాంతి గ్రహణం పట్టించినట్టా మాస్టారూ? తెలియడం వేరు, చేయించడం వేరు.

కాజీపేట మాస్టారు: సూర్యుడికి నాలుక లేదు కదండీ, మాట ఇచ్చి తప్పడానికి.

జనగామ అక్క: అదే నేనూ అంటున్న! బలికి నాలుక ఉంది, తప్పే వీలూ ఉంది. అంతకుముందే గురువుగారు "వారిజాక్షులందు" ఆటవెలది చదివి "బొంకవచ్చు నఘము పొందదధిప" అని, అంటే అబద్ధమాడొచ్చు పాపం అంటదు రాజా అని, తలుపు తీసిపెట్టాడు. నాలుక తిరగలేనివాడికి 'వచ్చు' అని ఎందుకు చెప్తాడు? మాట వినలేదని శపించాడు కూడా. వేరే దారి లేనివాడి మీద కోపమెందుకు, శాపమెందుకు? మాస్టారూ, మీరు బడిలో తిరిగిన గడియారాన్ని ఎప్పుడైనా కొట్టారా?

కాజీపేట మాస్టారు: ఆగిన గడియారాన్ని కొట్టాను, నడిచింది. పోనీ, విష్ణువు మాటకు రండి. బ్రహ్మ వచ్చి బతిమాలితే "ఎవ్వనిఁ గరుణింప నిచ్ఛయించితి వాని యఖిల విత్తంబు నేనపహరింతు" అన్నాడు. 'ఇచ్ఛయించితి'. భూతకాలం. నిర్ణయం ఎప్పుడో అయిపోయింది, రాబోయే సావర్ణి మనువు కాలంలో బలికిచ్చే ఇంద్రపదవితో సహా.

మంథని నుంచి: ఆ 'ఇచ్ఛయించితి' బలి చెయ్యి చాచాక చెప్పిన మాట. నీళ్ళు ధార పోయకముందు చెప్పి ఉంటే మీరు గెలిచేవారు. అసలు "కారే రాజులు" పద్యం చూడండి. ఆ వాదన అంతా లెక్కలు వేసుకుని ఎంచుకునేవాడిది. పోతన రాసినవాటిలో నాకు అంతకంటే ఇష్టమైంది లేదు. ఆ 'కారే', 'కలుగవే' ప్రశ్నల్లో వెటకారం లేదు, బెంగ ఉంది.

కడప మిత్రుడు: బెంగ కాదండీ, ధీమా. ఒకసారి గొంతెత్తి చదివి చూడండి.

హనుమకొండ నుంచి: నా ప్రశ్న ఎటో పోయింది. మా బాపు బహుశా 'తిరుగం బోవదు' అన్నడేమో. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెడితే అదీ భగణమే అవుతోంది మాస్టారూ.

కాజీపేట మాస్టారు: గణం కుదిరితే పాఠం అయిపోదు. 'బోవదు' అని పోతన వాడిన మరొక్క చోటు చూపించండి, అప్పుడు ఒప్పుకుంటా.

జనగామ అక్క: చూపిస్తాడని మీకు ముందే తెలిస్తే?

కాజీపేట మాస్టారు: తెలిసినా అడుగుతా.